లింగంపేట లెక్క

పోయిన వారం మనం జితేందర్‌ను జపాన్‌లో ఒంటిపెట్టె రైలెక్కించి, ఒళ్ళో ఒక పెద్ద కార్టన్ పెట్టి వదిలేసి వచ్చాం. కొడిమ్యాలలో తాళ్ళెక్కి కల్లు గీసే మొగిలయ్య కొడుకు జితేందర్. దుబాయ్‌లో తొమ్మిదేళ్ళు చేసి, కంపెనీ మూతపడితే ఇంటికొచ్చిన మనిషి. ఆయన వచ్చాక భార్య కల్పన బయల్దేరింది. సిరిసిల్లలో మరమగ్గాల మోత మధ్య పుట్టి, నర్సు కోర్సు చదివి, జగిత్యాలలో ఒక దవాఖానాలో పనిచేసిన కల్పన, ఎలా నేర్చుకుందో ఏమో జపాన్ భాష నేర్చుకుని, నగతాని అనే మారుమూల పల్లెలో ముసలివాళ్ళను చూసుకునే నౌకరీలో చేరింది. ఇది నాలుగో ఏడు.

కొడిమ్యాలలో భార్య దేశం పోయి భర్త ఇంట్లో కూర్చున్న సంసారం అదొక్కటే. కల్లు మండువాలో ఎవరో ఏదో అన్నారు. జితేందర్‌కు రోషం వచ్చింది. "వారం పది రోజుల్ల దాన్ని తోల్కొనే వస్త, సూడున్రి" అని నలుగురి ముందు ప్రకటించి విమానం ఎక్కేశాడు. అంత పెద్ద మాట అనేముందు కల్పనను ఒక్క ముక్క అడిగి ఉంటే ఈ కథ రెండు వారాల కిందే ముగిసిపోయేది, మనకూ వేరే పనులు ఉండేవి.

విమానం దిగగానే విమానాశ్రయం వైఫై పట్టుకుంటే కల్పన ఫోన్‌లో చెప్పింది. "రైలు పలకమీద నగతాని అని వస్తది. గా స్టేషన్‌ల దిగు. నేను గాడనే నిలవడి ఉంట. నీ తెలివి మాత్రం వాడకు, నీకు దండం పెడ్త."

వాడకుండా ఉంటే ఆయన జితేందర్ ఎందుకవుతాడు?

ఆయనది జగిత్యాల జిల్లా బుర్ర. జగిత్యాలకు రైల్లో వచ్చేవాడు దిగేది జగిత్యాల ఊళ్ళో కాదు, లింగంపేటలో. బోర్డు మీద రెండు పేర్లూ కలిపి రాసి ఉంటాయి గానీ, ఊళ్ళోకి పోవాలంటే మళ్ళీ ఆటో ఎక్కాల్సిందే. మల్యాలకు పోవాలంటే నూకపల్లిలో దిగాలి. అత్తగారి ఊరు సిరిసిల్ల సంగతి సరేసరి, అక్కడ ఇంకా రైలు కోసం ఎదురుచూపులే. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఇవే చూసినవాడు కాబట్టి జితేందర్ ఒక సూత్రం కనిపెట్టుకున్నాడు. స్టేషన్‌కు ఊరి పేరుంటే ఊరు అక్కడ ఉండదు. ఊరు చూడాలనుకున్నవాడు ఒక స్టేషన్ ముందే దిగాలి.

నగతానికి ముందు స్టేషన్ షిమొజావ. కిటికీలోంచి చూస్తే పెంకుటిళ్ళు కనిపించాయి, ఒక రేకుల షెడ్డు కనిపించింది, కూల్‌డ్రింకు డబ్బాలు అమ్మే యంత్రం ఒకటి కనిపించింది. ఇంత కళ ఉన్న చోటు నగతాని కాకపోతే ఇంకేమిటి? బోర్డు మీద షిమొజావ అని ఉంది కదా, అందుకే ఇది నగతాని. జితేందర్ కార్టన్ ఎత్తుకుని లేచాడు.

ఆ రైల్లో టికెట్ తీసుకునేది కూడా నడిపే ఆయనే. ఆయన జితేందర్ టికెట్ చూసి, తల అడ్డంగా ఊపి, తెల్లటి చేతి తొడుగు వేసుకున్న వేలితో ముందుకు చూపించాడు. ముందుకు రమ్మని బతిమాలే ఆటోవాళ్ళను జితేందర్ లింగంపేటలో బోలెడంత మందిని చూశాడు. "నాకు ఎర్కలేదా ఏంది, జరుగు" అని నవ్వుతూ దిగిపోయాడు. డ్రైవరు టోపీ తీసి వంగి దండం పెట్టి రైలు పోనిచ్చాడు. ఆ దండంలో ఉన్నది మర్యాదో జాలో చెప్పడం కష్టం.

రైలు పోయాక షిమొజావలో మిగిలినవి రెండే, జితేందర్, కార్టన్. టికెట్ కిటికీ లేదు, మాస్టరు లేడు, చాయ్ కొట్టు లేదు, కనీసం పడుకున్న కుక్క కూడా లేదు. షెడ్డులో బల్ల మీద ఎవరో చేత్తో కుట్టిన మెత్తలు వరసగా పెట్టి ఉన్నాయి, గోడకు ఒక గొడుగు వేలాడుతోంది. ఎవరూ ఎత్తుకుపోలేదంటే ఈ ఊళ్ళో మనుషులే లేరని జితేందర్ నిర్ధారణకు వచ్చాడు. షెడ్డు వెనక ఒక పెద్ద చెట్టు, ఆకు దాదాపు రాలిపోయి, కొమ్మకొమ్మకూ టమాటల్లాంటి ఎర్రటి పండ్లు. మొదలు మీద పైదాకా గీట్లు పడి ఉన్నాయి. కల్లుగీత ఇంట్లో పుట్టినవాడి కన్ను కదా, వెంటనే అక్కడికే పోయింది. 'ఈడ గూడ చెట్టు గీసేటోళ్ళున్నరన్నట్టు. కని మరీ ఇంత మొరటు గీతనా' అనుకున్నాడు.

ఫోన్ తీశాడు. మన సిమ్ము అక్కడ పనిచేస్తే గదా!

అప్పుడు గంట చప్పుడు వినిపించింది, మేక మెడలో గంటలాగా. నడుము రెండుగా వంగిపోయిన ఒక ముసలావిడ చిన్న తోపుడుబండి నెట్టుకుంటూ షెడ్డులోకి వచ్చింది. గంట ఆ బండికే కట్టి ఉంది. ఆవిడ జితేందర్‌ను చూసి నవ్వి వంగింది. అసలే వంగి ఉన్న మనిషి ఇంకా వంగేసరికి జితేందర్ కంగారుపడి పట్టుకోబోయాడు.

దుబాయ్‌లో బతికినవాడికి నోట్లో పరాయి భాష అంటే ఒకటే ఉంటుంది. "సలామలేకుం" అన్నాడు. "వేన్ నగతాని? అనా జితేందర్, హింది." అంటే నగతాని ఎక్కడ, నేను ఇండియా జితేందర్‌ను అని. ఎక్కడికి పోయినా ఇంగ్లీషు రాకపోతే అరబ్బీ పనికొస్తుందని ఆయన నమ్మకం. ఆవిడ శ్రద్ధగా విని, బండిలోంచి ఒక ఎర్రటి పండు తీసి, చిన్న కత్తితో ముక్కలు కోసి ఆయన చేతిలో పెట్టింది. జితేందర్ మర్యాదగా తీసుకుని, వేళ్ళతో చల్లినట్టు చూపించి ఉప్పు అడిగాడు. ఉప్పు రాలేదు. నోట్లో పెట్టుకుంటే తీపి. టమాట తియ్యగా ఉండడంతో ఆయనకు ఈ దేశం మీద ఉన్న అనుమానాలన్నీ ఖాయమయ్యాయి.

చివరికి ఫోన్‌లో పెళ్ళి ఫోటో తీసి చూపించాడు. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని చూసి ఒక్క కేక పెట్టింది. "కరుపనా సాన్!" కల్పన గారు అనే మాట జపాన్ నోట్లో అలా పలికింది.

తొమీ అవ్వ ఆవిడ పేరు. కల్పన పనిచేసే కేంద్రానికి వారానికి నాలుగు రోజులు వెళ్తుంది, కల్పన చేతి స్నానం లేకపోతే ఆవిడకు వారం గడవదు. రొంటి సంచిలోంచి ఫోన్ తీసి గట్టిగా మాట్లాడింది. జితేందర్ కార్టన్ మీద కూర్చుని రెండో పండు తింటూ ఉండగానే ఒక చిన్న తెల్ల బండి వచ్చి షెడ్డు ముందు ఆగింది. దాని మీద నవ్వుతున్న కప్ప బొమ్మ ఉంది. స్టీరింగు వెనక కల్పన ఉంది.

ఆయన మూడో ముక్క నోట్లో పెట్టుకోవడం మరిచిపోయాడు. కొడిమ్యాలలో స్కూటీ నేర్చుకుంటానంటే పడతావని వద్దన్నది ఈయనే. ప్యాంటు వేసుకుని, జుట్టు పైకి ముడి వేసుకుని బండి దిగి వస్తున్న ఆమెను చూస్తే సంతోషమూ కలిగింది, గుండెల్లో ఎక్కడో కలుక్కుమంది కూడా.

"నగతానిల దిగుమంటె గీడ దిగినవేంది?" అంది కల్పన.

"ఇదే గదా నగతాని."

"బోర్డు మీద షిమొజావ అని ఉన్నది."

"అందుకే దిగిన."

కల్పన కళ్ళు మూసుకుని తెరిచింది. పెళ్ళయినప్పటి నుంచి చూస్తున్న మనిషే. "లింగంపేట లెక్క వెట్టినవా?"

ఆయన తల ఊపాడు.

"గీడ స్టేషన్ ఏ ఊర్ల ఉంటె గా ఊరి పేరే పెడ్తరు. వీళ్ళకు మన తెలివి లేదు. నడువు, బండెక్కు. పొద్దున్నుంచి ఏమన్న తిన్నవా?"

ఎక్కి ఉంటే బాగుండేది. కానీ జితేందర్‌కు మండువా గుర్తొచ్చింది. అలిగిన కొత్త అల్లుడిలాగా కార్టన్ మీద గట్టిగా సర్దుకుని కూర్చున్నాడు.

"ఎప్పుడస్తున్నవ్ చెప్పు. చెప్తెనే లేస్త."

"ఏడికి?"

"ఇంటికి. నాతోని. ఊర్లె చెప్పొచ్చిన నేను."

"ఎవల్ని అడిగి చెప్పినవ్?"

తొమీ అవ్వకు ఇది చూడదగ్గ సంగతి అని అర్థమైంది. బల్ల మీది మెత్త ఒకటి సరిచేసుకుని ఇద్దరి మధ్యా కూర్చుంది. ఎవరు మాట్లాడితే వాళ్ళ వైపు తల తిప్పింది.

"ఎవల్నో అడుగుడేంది? నా పెండ్లాన్ని నేను తోల్కపోతె అడగాల్నా?" అన్నాడు జితేందర్.

"నువ్వు తొమ్మిదేండ్లు దుబాయిల ఉన్నవ్. ఎప్పుడస్తవని నేను ఊర్లె చెప్పుకుంట తిరిగిన్నా? రాధ పుట్టిందంటె ఫోన్‌ల సూసినవ్. దానికి జరమొచ్చినా, మామకు నడుము పట్టినా నేనే ఉరికిన. నువ్వు పోతె ఇంటి కోసం పోయినట్టు, నేను పోతె ఇజ్జత్ పోయినట్టా?"

"గా మాట నేనన్ననా?"

"అన్నోళ్ళ మాట పట్టుకొని ఇంత దూరం వచ్చినవ్ గదా!"

తొమీ అవ్వ గట్టిగా తల ఊపింది. "సో, సో" అంది, అవునవును అన్నట్టు.

"గామెకు ఏం సమజైందని తలకాయ ఊపుతాంది?" జితేందర్‌కు కోపం వచ్చింది.

"ఆమె గూడ సంసారం చేసింది గదా. మొగోడు మూతి ముడుసుకొని డబ్బా మీద కూసుంటె గండ్ల సమజ్ గాకపోవుడు ఏమున్నది?"

ఇక్కడ జితేందర్ మామూలుగా ఇంకో మాట అని పోట్లాట పెంచాలి. కానీ ఆయన దగ్గర నిజమైన మాట ఒకటి ఉంది, అది బయటికొచ్చేసింది. "రాధ అడుగుతాంది. రోజు పండుకునేటప్పుడు అడుగుతది, అమ్మ ఎప్పుడస్తదని. నాకేం చెప్పాల్నో తెలుస్తలేదు కల్పనా." తొమీ అవ్వ ఈసారి తల ఊపలేదు.

"పొద్దుగాల అది ఫోన్ గోడకు ఆనిచ్చి కూసుంటది" అంది కల్పన నెమ్మదిగా. "జడ ఎట్ల అల్లుకోవాల్నో నేను చెప్త, అది అల్లుకుంటది. గీడ నా చేతులు ఉత్తగనే ఆడుతుంటయ్. నాకు లేదనుకున్నవా బాధ? అందుకే గదా సదివిన."

"ఏం సదివినవ్?"

"సర్కారు పరీక్ష. పాసైన." ఆమె ఆయన వైపు చూడకుండా చెప్పింది. "గిది పాసైనోళ్ళు మొగణ్ని, పిల్లల్ని తెచ్చుకోవచ్చు. నేను ఉంటనో పోతనో శనివారం లోపట మా పెద్ద మేడమ్‌కు చెప్పాలె. ఉంటనంటె మీ ఇద్దరికి కాయితాలు మొదలువెడ్తరు. పోతనంటె ఇంకొకామెను తీసుకుంటరు."

జితేందర్ కార్టన్ మీద నిటారుగా కూర్చున్నాడు. "ఎప్పుడు పాసైనవ్?"

"ఎండకాలం కంటె ముందు."

"దసర పోయినంక చెప్తున్నవా!"

"చెప్పాలని ఫోన్ చేసినప్పుడల్ల నువ్వు ఎప్పుడస్తవ్ అనే మొదలువెడ్తివి. ఎప్పుడస్తవ్ అనేటోనికి నువ్వే రా అని ఎట్ల చెప్పాలె?"

జవాబు లేనప్పుడు మగవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటుంది, అదే ఆయన అడిగాడు. "నేనొచ్చి ఏం జెయ్యాలె గీడ? బట్టలు ఉతుకాల్నా?"

"అవి గూడ ఉతుకు, తప్పేమున్నది? దుబాయిల ఉతుక్కోలేదా?" కల్పన షెడ్డు వెనక చెట్టు వైపు చెయ్యి చూపింది. "గీ పండ్ల చెట్టు గీ సుట్టుపక్కల ఇంటింటికి ఉన్నది. ఊర్లల్ల అందరు ముసలోళ్ళే, పిల్లలందరు పట్నం పోయిన్రు. మన ఊర్లెక్కనే. తెంపేటోడు లేడు. తెంపకపోతె గుట్ట మీదికెల్లి ఎలుగుబంట్లు దిగుతున్నయ్ పండ్ల కోసం. అవ్వ బండికి గంట ఎందుకు కట్టుకున్నదనుకున్నవ్? ఎలుగు జరుగాలని. పోయిన నెల పక్కూర్లె ఒకాయనను గీరింది."

"అయితె?"

"మా ఇంటాయనది చెట్లెక్కే ఇల్లు అని చెప్పిన నేను. కుర్చేసుకొని కూసున్నట్టు ఎక్కుతరు, అంత ఎత్తు చెట్టు గూడ లెక్క జెయ్యరు అని చెప్పిన. అందరు నీ కోసం ఎదురుసూస్తున్నరు."

జితేందర్ ముఖంలో రంగు మారింది. కల్పన దాన్ని ఇంకోలా అర్థం చేసుకుంది. "చిన్నతనం అనుకుంటున్నవా? ఇంట్ల కూసొని కూసొని నువ్వు ఎట్లైతున్నవో నాకు ఎర్కనే. అత్త అన్ని చెప్తది. గామెనే అన్నది, వాన్ని పంపుత, మల్ల రానియ్యకు అని."

"మా అవ్వనా? అవ్వ నన్ను పంపిందే నిన్ను పట్టుకరమ్మని!"

"కార్టన్ విప్పు. ఎందుకు పంపిందో తెలుస్తది."

జితేందర్ తల్లి మల్లవ్వ చేత్తో కట్టిన కార్టన్ అది. దుబాయ్ కార్టన్లకు కట్టినట్టు ప్లాస్టిక్ తాడు నిలువునా అడ్డంగా చుట్టి, నాలుగు వైపులా "జితేందర్, కొడిమ్యాల, వయా జగిత్యాల" అని రాయించింది, తప్పిపోతే జపాన్ వాళ్ళు తెచ్చి ఇస్తారన్నట్టు. విమానాశ్రయంలో అధికారులు పైమూత తెరిచి, తొక్కు డబ్బా వాసన చూసి, మరీ లోతుకు పోకుండా మూసేశారు. తొమీ అవ్వ తన కత్తి అందించింది, జితేందర్ లేచి నిలబడకుండానే కార్టన్ మీంచి కిందికి జారి కూర్చున్నాడు.

పైన సకినాలు. దాని కింద మామిడికాయ తొక్కు, కారప్పొడి. "ఇగో" అన్నాడు జితేందర్ గెలిచినట్టు. "నీకు తినడానికి పెట్టింది, తీసుకరమ్మని పంపింది."

దాని కింద ఆయన దిండు వచ్చింది. తన దిండు లేకపోతే జితేందర్‌కు నిద్ర పట్టదు, దుబాయ్‌కూ పట్టుకెళ్ళేవాడు. వారం పది రోజులకు పోయేవాడికి ఏ తల్లీ దిండు పెట్టదు. దిండు కింద లుంగీలు, ఇంట్లో ఉన్న స్వెటర్లన్నీ, చలికి కప్పుకునే దుప్పటి. వాటి మధ్యలో గులాబీ రంగు ఉన్ని టోపీ ఒకటి, కొత్తది.

"గిది రాధకు కొన్నది గదా అవ్వ" అన్నాడు జితేందర్. "గిది ఎందుకు పెట్టింది? పిల్ల రానేలేదు గదా."

కల్పన ఆ టోపీ తీసుకుని ముఖానికి ఆనించుకుంది. జితేందర్‌కు ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. తన తల్లి కొడుకును పంపడమే కాదు, మనవరాలిని కూడా పంపడానికి సిద్ధపడి కూర్చుంది. తానూ మొగిలయ్యా ఇద్దరే ఎలా ఉంటారో ఆలోచించిందో లేదో తెలియదు. ఆ పల్చటి ముసలామె మీద ఆయనకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

అడుగున ఇంకా ఏదో ఉంది. చెయ్యి పెట్టి లాగాడు. బరువుగా, నల్లగా, ఏళ్ళ తరబడి చెమటకు నునుపుదేరిన మోకు బయటికి వచ్చింది. చెట్టునూ నడుమునూ కలిపి చుట్టుకుని గీతవాళ్ళు పైకి ఎక్కే తాడు. మొగిలయ్య మోకు.

పామును పట్టుకున్నట్టు వదిలేశాడు జితేందర్. తొమీ అవ్వ మాత్రం లేచి నిలబడింది. మోకును చూసింది, చెట్టును చూసింది, జితేందర్‌ను చూసింది. చేతులు జోడించి, ఈసారి నిజంగా నేలకు ఆనేంత వంగింది. వెంటనే ఫోన్ తీసి ఎవరికో చెప్పడం మొదలుపెట్టింది.

"అత్తకు నేనే చెప్పిన పెట్టుమని" అంది కల్పన మురిపెంగా. "ఒక్క రోజు ఊరు సూడు. రేపు పొద్దుగాల గీ చెట్టెక్కి పండ్లు తెంపు. ఈ మనుషులు నీకు ఎట్ల మర్యాద జేస్తరో సూడు. తర్వాత గూడ ఇంటికే పోదామంటె సరే, నేను మేడమ్‌కు చెప్పి నీతోని వస్త. మాట ఇస్తున్న."

ఆమె ఇంత సులువుగా ఒప్పుకుంటుందని జితేందర్ అనుకోలేదు. ఒక్క చెట్టు. ఒక్క చెట్టెక్కి దిగితే మండువాలో తల ఎత్తుకుని తిరగొచ్చు. కానీ ఆయన చెయ్యి మోకు వైపు పోలేదు. ఎందుకు పోలేదో లోకంలో ఇద్దరికే తెలుసు, ఆ రెండోవాడే అదే క్షణంలో కల్పనకు ఫోన్ చేశాడు.

"ఏం మామా, బాగున్నవా?" కల్పన ఫోన్‌ను అందరికీ వినిపించేట్టు పెట్టి బల్ల మీద ఉంచింది.

"బాగేం ఉంటం బిడ్డా!" కొడిమ్యాల నుంచి మొగిలయ్య గొంతు షెడ్డంతా నిండింది. "గంభీరావుపేట మా చెల్లె ఇంటికి పోయి రాత్రే వచ్చిన. పొద్దుగాల చెట్టు మీదికి పోదామంటె మోకు లేదు. ఇల్లంత దేవులాడిన. మీ అత్తను అడిగితె జపాన్ పోయిందంటది! మోకు జపాన్ పోవుడేందే?"

"గీడనే ఉన్నది మామా, భద్రంగ ఉన్నది. రేపు ఆయన చెట్టెక్కుతడు."

"ఏ చెట్టు?"

"పండ్ల చెట్టు మామా. మస్తు పెద్దది."

"కొమ్మలుంటయా?"

"నిండుగ ఉంటయ్."

"కొమ్మలున్న చెట్టుకు మోకెందుకే బిడ్డా? కొమ్మకు తట్టుకొని నడుమ ఇరుకుతడు. మీ అత్తకు తెల్వకపోతె నీకన్న తెల్వద్దా?" మొగిలయ్య గొంతు ఒక్కసారి తగ్గింది, భయపడినట్టు. "వాన్ని ఎక్కనియ్యకు బిడ్డా. నీ కాల్మొక్త. పెండ్లైన రెండో నెలల, వృత్తి నేర్సుకోరా అని తోల్కపోతె, సగం చెట్టు మీద కండ్లు మూసుకొని అతుక్కపోయిండు. కాళ్ళు గజగజ వణుకుడు. ముంజెలు దించినట్టు నేనే భుజం మీదేసుకొని దించిన. ఎవరికి చెప్పలె. ఊర్లె వాన్ని పల్సగ సూడొద్దని ఆ నెలనే దుబాయి వీసా తెచ్చి పంపిన."

"నాయినా, ఫోన్ పెట్టెయ్" అన్నాడు జితేందర్.

"వాడు గాడనే ఉన్నడా? అందరికి ఇనవడేటట్టు పెట్టినవా బిడ్డా?" ఫోన్ ఠక్కున తెగిపోయింది.

కల్పన మొదట నవ్వింది. చేతిలోని ఉన్ని టోపీ నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. తర్వాత నవ్వు ఎక్కడో ఆగిపోయింది.

"ఇల్లు గడుస్తలేదని పోయినవనుకున్న" అంది. "తొమ్మిదేండ్లు గట్లనే అనుకొని ఎల్లదీసిన. చెట్టుకు భయపడి పోయినవా?"

"చెట్టుకు గాదే. మండువల నాయిన తలకాయ దించుకుంటడని." జితేందర్ మోకు వైపు చూస్తూ చెప్పాడు. "మొగిలయ్య కొడుక్కు చెట్టెక్కరాదు అంటరని. నాకు సుత నిన్ను ఇడిసిపెట్టి పోబుద్ధి కాలె. ఎవలికి చెప్పాలె గా మాట?"

"నాకు చెప్పాలె."

నిజానికి ఆ మాట దుబాయ్ విమానం ఎక్కేముందే ఆమెతో అని ఉంటే చాలా కన్నీళ్ళు ఆదా అయ్యేవి.

జితేందర్ ఏదో అనబోయాడు. అంతలో షెడ్డు పక్కన స్తంభం మీది మైకు గురగురమంది. మన పంచాయతీ మైకు లాంటిదే, గొంతు మాత్రం మెత్తగా ఉంది. ఒక ఆడమనిషి ఏదో చదివినట్టు చెప్పింది. మధ్యలో "కరుపనా సాన్" అన్న ముక్క జితేందర్‌కు కూడా తెలిసింది. తొమీ అవ్వ గర్వంగా తన ఫోన్ చూపించి గుండె మీద తట్టుకుంది.

"ఏమంటాంది?" అన్నాడు.

కల్పన ముఖం పాలిపోయింది. "రేపు పొద్దుగాల అందరు షిమొజావ స్టేషన్ కాడికి రావాల్నంట. నగతానోళ్ళు, షిమొజావోళ్ళు అందరు. కరుపనా సాన్ ఇంటాయన ఇండియా నుంచి చెట్టెక్కనీకె వచ్చిండట. డోలు తెస్తరంట. నేను అవ్వకు చెప్పి ఆపిస్త ఆగు. ఒంట్లె బాలేదని చెప్త."

"వద్దు" అన్నాడు జితేందర్.

కార్టన్ పక్క నుంచి లేచాడు. ఇందాకటి నుంచి భార్య బతిమాలినా లేవని మనిషి. వంగి మోకును అందుకున్నాడు. తండ్రి వేసుకున్నట్టే భుజానికి వేసుకున్నాడు.

"కొమ్మలున్న చెట్టుకు మోకెందుకన్నడు గదా నాయిన. అయితె నాకు గూడ సులువుగనే ఉండాలె. ఊరంత వచ్చినంక కండ్లు మూసుకునే కంటె ఇప్పుడే ఒకసారి పట్టి సూస్త. నువ్వు కిందికెల్లి మాట్లాడుకుంట ఉండు. దిగినంక నీ శనివారం సంగతి మాట్లాడుదాం. ఉండుడా, పోవుడా, ఈసారి అడిగే చెప్త."

కల్పన వద్దనలేదు. ఆయన మోకు పట్టుకున్న తీరు చూసి ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. టోపీని జేబులో పెట్టుకుని ఆయన వెంట నడిచింది. ముందు తొమీ అవ్వ బండి గంట మోగించుకుంటూ షెడ్డు వెనక్కి దారి తీసింది.

చెట్టు దగ్గరికి వచ్చేసరికి కింద గడ్డి మీద పండ్లు రాలి ఉన్నాయి, ఇందాక లేవు. ఒకటి జితేందర్ చెప్పు పక్కనే వచ్చి పడింది. సగం కొరికి ఉంది. గాలి లేదు. మధ్య కొమ్మ మాత్రం కిందికి వంగి, మళ్ళీ పైకి లేచింది. మొదలు మీది గీట్లు ఇప్పుడు దగ్గర్నుంచి కనిపించాయి. ఐదేసి వరసలు, ఒక్కొక్కటి వేలు లోతు. ఏ కత్తికీ అలాంటి గీత పడదు.

తొమీ అవ్వ బండి ఆపింది. ఒక చేత్తో కల్పన చెయ్యి, ఇంకో చేత్తో జితేందర్ భుజం మీది మోకు పట్టుకుని, గొంతు తగ్గించి ఒకే ఒక్క మాట అంది. దానికి అర్థమేమిటని జితేందర్ అడగలేదు.